నిలబెట్టే మందు, పడగొట్టే మందు: కణంలోని సన్న గొట్టాలు ఎలా పెరుగుతాయి, ఎందుకు కూలుతాయి

మా చిన్నమ్మది హిందూపురం. రొమ్ము క్యాన్సర్‌కి బెంగళూరులో చికిత్స జరుగుతోంది. వారానికోసారి పొద్దున రైలుకి వస్తుంది. యలహంకలో దిగితే నేను ఆసుపత్రికి తీసుకెళ్తాను. అక్కడ ప్యాక్లిటాక్సెల్ అనే మందు సెలైన్‌లో కలిపి ఎక్కిస్తారు. తన వంతు వచ్చేదాకా చిన్నమ్మ ఊరికే కూర్చోదు. సంచిలో విడిపూలు, దారం తెచ్చుకుని మాల కడుతూ ఉంటుంది.

ఆ రోజు పక్క కుర్చీలో మదనపల్లె నుంచి వచ్చిన ఒకామె ఉంది. ఆమె కొడుక్కి బ్లడ్ క్యాన్సర్, విన్‌క్రిస్టిన్ ఇస్తున్నారు. ఇద్దరూ చాలాసేపు మందుల గురించే మాట్లాడుకున్నారు. తర్వాత చిన్నమ్మ నావైపు తిరిగి అడిగింది: "ఆ పిల్లోడికిచ్చే మందు బిళ్ళగన్నేరు నుంచి తీస్తారంట. కణాల్లో ఏవో గొట్టాలుంటే వాటిని పడగొడుతుందంట. నాకిచ్చేదేమో అవే గొట్టాల్ని పడిపోకుండా నిలబెడుతుందంట, డాక్టరమ్మ చెప్పింది. ఒకటి పడగొట్టేది, ఇంకొకటి నిలబెట్టేది. రెండూ క్యాన్సర్‌కే ఎట్ల పనిచేస్తాయి నాయనా?"

నేను చదివింది జీవశాస్త్రమే. అయినా ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోయాను. ఆ గొట్టాలు ఎలా తయారవుతాయో తెలిస్తే తప్ప ఈ ప్రశ్నకి జవాబు దొరకదు. అందుకే మొదటి నుంచి వస్తాను.

ఏమిటీ గొట్టాలు

మన కణం నీళ్లు నింపిన సంచి లాంటిది కాదు. లోపల ఒక చట్రం ఉంటుంది. ఆ చట్రంలో గట్టివి మైక్రోట్యూబ్యూల్స్ అనే బోలు గొట్టాలు. వీటి అడ్డుకొలత 25 నానోమీటర్లు, అంటే వెంట్రుక మందంలో సుమారు మూడువేల వంతు. పొడవు మాత్రం ఎన్నో మైక్రోమీటర్లు ఉంటుంది, కణం ఈ చివర నుంచి ఆ చివర దాకా సాగుతుంది.

ఇవి చేసే పనుల్లో రెండు ఈ కథకు ముఖ్యం. ఒకటి రవాణా. కైనెసిన్, డైనీన్ అనే మోటారు ప్రోటీన్లు ఈ గొట్టాల మీద నడుస్తూ సరుకు మోస్తాయి. రెండోది కణవిభజన. ఒక కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోముల జతలను విడదీసి చెరో వైపుకి లాగేది ఈ గొట్టాలే.

చట్రం అనగానే ఇంటికి వేసిన పిల్లర్లు గుర్తొస్తాయి. అక్కడే మనం పొరబడతాం. పిల్లర్ వేస్తే వేసినట్టే ఉంటుంది. ఈ గొట్టాలు నిమిషాల్లో పెరిగి, సెకన్లలో కూలి, మళ్లీ ఇంకో దిక్కున లేస్తాయి. కణం ఉన్నంతకాలం ఇదే తంతు.

మల్లె, కనకాంబరం, మళ్లీ మల్లె

గొట్టానికి ముడిసరుకు ట్యూబ్యులిన్ అనే ప్రోటీన్. అది ఎప్పుడూ జంటగానే ఉంటుంది, ఒకటి ఆల్ఫా, ఒకటి బీటా. జంట పొడవు 8 నానోమీటర్లు.

చిన్నమ్మ చేతిలో మాల ఉంది కదా, దాన్నే తీసుకుందాం. ఒక మల్లె, ఒక కనకాంబరం, ఒక మల్లె, ఒక కనకాంబరం అని వరసగా కట్టింది. మల్లెని ఆల్ఫా అనుకోండి, కనకాంబరాన్ని బీటా అనుకోండి. అలాంటి మాలలు పదమూడు కట్టి, పక్కపక్కనే పరిచి, చాపలా చుట్టి అంచులు కలిపితే అదే మైక్రోట్యూబ్యూల్. ఒక్కో మాలని ప్రోటోఫిలమెంట్ అంటారు. మనం పోగు అందాం.

మాలలన్నీ ఒకే దిక్కున పెట్టాం కాబట్టి గొట్టానికి ఒక చివర పదమూడూ కనకాంబరాలే ఉంటాయి, రెండో చివర పదమూడూ మల్లెలే. అంటే రెండు చివరలూ ఒకటి కావు. బీటా బయటికి కనిపించే చివరని ప్లస్ చివర అంటారు, అక్కడ పెరుగుదల వేగం. ఆల్ఫా కనిపించేది మైనస్ చివర, అక్కడ నిదానం. ఒక్కో పోగు పక్కదాని కంటే కొంచెం జరిగి కూర్చుంటుంది. అందువల్ల చుట్టేసి అంచులు కలిపిన చోట మల్లె పక్కన మల్లె రాదు, కనకాంబరం వస్తుంది. గొట్టం పొడుగునా ఉండే ఈ అతుకు బలహీనమైన చోటని చాలామంది అనుమానం.

ఒక లెక్క వేద్దాం. ఒక మైక్రోమీటర్ అంటే 1000 నానోమీటర్లు. దాన్ని 8తో భాగిస్తే ఒక పోగులో 125 జంటలు. పదమూడు పోగులకి 1625 జంటలు. కణంలో గొట్టం నిమిషానికి 10 మైక్రోమీటర్లు పెరగడం మామూలే. అంటే నిమిషానికి 16,250 జంటలు, సెకనుకి సుమారు 270. వాటిని తెచ్చి పేర్చే మేస్త్రీ ఎవరూ లేరు. ద్రవంలో అటూఇటూ కొట్టుకుంటూ వచ్చి, సరైన చోట తగిలినవే అతుక్కుంటాయి.

మేక మెదడు, మంచుగడ్డలు

మేస్త్రీ లేకుండా ఇదంతా జరుగుతుందని ఎలా నమ్మాలి? దీన్ని కళ్లారా చూపించే పద్ధతి ఒకటుంది. ట్యూబ్యులిన్ నరకణాల్లో పుష్కలంగా ఉంటుంది కాబట్టి మెదడు నుంచి తీస్తారు. అమెరికా, యూరప్‌లలో పంది మెదడో ఆవు మెదడో వాడితే, మన దేశపు ల్యాబుల్లో ఎక్కువగా మేక మెదడు వాడతారు.

కబేళా నుంచి మెదడుని ఐసులో పెట్టి తెస్తారు. పైపొరలు, రక్తనాళాలు ఒలిచేసి, చల్లటి ద్రావణంలో వేసి మెత్తగా చేస్తారు. దాన్ని 4 డిగ్రీల చలిలో సెంట్రిఫ్యూజ్‌లో గిరగిరా తిప్పితే ముద్దంతా అడుక్కి దిగుతుంది, పైన తేట నిలుస్తుంది. ట్యూబ్యులిన్ ఆ తేటలో కరిగి ఉంటుంది. అందులో జీటీపీ అనే చిన్న అణువుని కలిపి 37 డిగ్రీలకి వేడిచేస్తారు. మన ఒంటి వేడి అంతే కదా. కాసేపటికి ఆ తేట కలికడుగు నీళ్లలా పల్చగా మసకబారుతుంది. లోపల గొట్టాలు పుట్టాయన్నమాట. మళ్లీ తిప్పితే గొట్టాలన్నీ అడుగున చేరతాయి. వాటిని తీసి ఐసులో పెడితే విడిపోయి, మళ్లీ జంటలుగా కరిగిపోతాయి. వేడి, చలి, వేడి, చలి అంటూ ఇలా రెండు మూడుసార్లు తిప్పితే మిగతా చెత్త పోయి దాదాపు శుద్ధమైన ట్యూబ్యులిన్ చేతికొస్తుంది.

ఇది తేలికగా దొరికిన విద్య కాదు. ట్యూబ్యులిన్‌ని 1960ల చివర్లోనే గుర్తించారు. అదీ కాల్చిసిన్ అనే మందు వెళ్లి దేనికి అతుక్కుంటుందో వెతకడం వల్ల. తమిళనాడు రాష్ట్ర పుష్పమైన అగ్నిశిఖలో ఉండే విషపదార్థం ఇదే, దాన్నే గౌట్ నొప్పికి మందుగా వాడతారు. ప్రోటీన్ దొరికినా గాజు గొట్టంలో దాన్ని మైక్రోట్యూబ్యూల్‌గా మార్చడం ఎవరివల్లా కాలేదు. 1972లో రిచర్డ్ వైసెన్‌బర్గ్ కిటుకు పట్టుకున్నారు. ద్రావణంలో ఉన్న కాల్షియం అడ్డుపడుతోంది. దాన్ని పట్టి ఉంచే రసాయనం కలపగానే గొట్టాలు లేచాయి.

మొదటి మొలకే కష్టం

వేడిచేసిన వెంటనే ఆ తేట మసకబారదని గమనించండి. కొంతసేపు ఏమీ జరగనట్టే ఉంటుంది, తర్వాత ఒక్కసారిగా ఊపందుకుంటుంది. రెండు మూడు జంటలు కలిసినంత మాత్రాన నిలవవు, ఎందుకంటే పక్కన పట్టుకునే తోడు లేదు. జంటకి పైనా కిందా ఉన్న బంధం గట్టిది, పక్కబంధం బలహీనం. చిన్న ముక్క తయారై, అది చెదిరిపోయేలోపు ఇంకొన్ని వచ్చి చేరితేనే గొట్టానికి పునాది పడుతుంది.

కణానికి అంత ఓపిక ఉండదు. అది అచ్చు వాడుతుంది. గామా ట్యూబ్యులిన్ అనే మూడో రకాన్ని 1989లో ఒక శిలీంధ్రంలో కనుక్కున్నారు. అది మరికొన్ని ప్రోటీన్లతో కలిసి ఉంగరం ఆకారంలో కూర్చుంటుంది, ఆ ఉంగరం మీద గొట్టం మొలకెత్తుతుంది. ఇలాంటి ఉంగరాలు కణంలో సెంట్రోసోమ్ అనే చోట గుంపుగా ఉంటాయి. మైనస్ చివరలు అక్కడ నాటుకుని, ప్లస్ చివరలు నాలుగు దిక్కులా బయటికి సాగుతాయి.

ఇక్కడో చిక్కుంది. 2019, 2020ల్లో ఈ ఉంగరం రూపాన్ని దగ్గరగా చూసినప్పుడు అందులో గామాలు పద్నాలుగు కనిపించాయి, గొట్టంలో పోగులేమో పదమూడు. పైగా ఉంగరం కాస్త విచ్చుకుని ఉంది. అచ్చు, అచ్చులోంచి వచ్చేది సరిపోకపోతే ఎలా? వేరే ప్రోటీన్లు వచ్చి ఉంగరాన్ని బిగిస్తాయని కొందరంటారు. పెరిగే గొట్టమే దాన్ని దగ్గరికి లాగి సరిచేసుకుంటుందని మరికొందరంటారు. రెంటికీ ఆధారాలున్నాయి. రెండూ కలిసే జరగవచ్చని నాకనిపిస్తుంది.

రాకలు, పోకలు

గొట్టం చివరికి జంటలు వచ్చి చేరుతుంటాయి, చేరినవి కొన్ని ఊడిపోతుంటాయి. చేరే వేగం చుట్టూ ద్రవంలో ఎన్ని విడి జంటలున్నాయో దాన్ని బట్టి ఉంటుంది. ఊడే వేగానికి దానితో పనిలేదు. మెజెస్టిక్ బస్టాండులో ఒక క్యూ ఊహించుకోండి. బస్టాండులో జనం ఎక్కువుంటే క్యూ వెనక ఎక్కువమంది చేరతారు. విసుగెత్తి క్యూ చివర నుంచి వెళ్లిపోయేవాళ్లు మాత్రం బయట జనాన్ని చూసి వెళ్లరు.

అంకెలు పెడదాం, ఇవి కేవలం లెక్క కోసం అనుకున్నవి. ద్రవంలో ట్యూబ్యులిన్ 10 పాళ్లు ఉన్నప్పుడు సెకనుకి 50 చేరి, 20 ఊడాయి. నికరంగా 30 పెరిగింది. 4 పాళ్లకి తగ్గిస్తే 20 చేరి, 20 ఊడతాయి. గొట్టం ఉన్నచోటే ఉంటుంది. 3 పాళ్లకి తగ్గితే కురచవుతుంది. ఆ 4 అనే గీతని క్రిటికల్ కాన్సన్‌ట్రేషన్ అంటారు.

కథ ఇంతే అయితే చివరికి ఒక సమతూకం కుదరాలి. అన్ని గొట్టాలూ దాదాపు ఉన్నచోటే ఉండాలి. 1984లో టిమ్ మిచిసన్, మార్క్ కిర్ష్‌నర్ చూసింది అది కాదు. ఒకే గిన్నెలో, ఒకే ద్రవంలో, పక్కపక్కనే ఉన్న గొట్టాల్లో కొన్ని పెరుగుతున్నాయి, కొన్ని కూలిపోతున్నాయి. గొట్టాల సంఖ్య తగ్గిపోతుంటే మిగిలినవి పొడుగవుతున్నాయి. దీనికి వాళ్లు పెట్టిన పేరు డైనమిక్ ఇన్‌స్టెబిలిటీ, అంటే చలనంలో ఉన్న అస్థిరత. పెరుగుతున్న గొట్టం హఠాత్తుగా కూలడం మొదలుపెడితే దాన్ని కెటాస్ట్రోఫీ అంటారు, కూలుతున్నది ఆగి మళ్లీ పెరిగితే రెస్క్యూ. నిజంగానే శాస్త్రంలో వాడే పేర్లివి.

ప్రతి జంట నడుముకీ ఒక గడియారం

ఈ వింతకి కారణం మేక మెదడు తేటలో కలిపిన ఆ జీటీపీ. ఇది మన కణాల్లో శక్తినిచ్చే అణువు. ప్రతి ఆల్ఫాకీ, ప్రతి బీటాకీ ఒక్కో జీటీపీ అతుక్కుని ఉంటుంది. ఆల్ఫాది లోపల పూడుకుపోయి ఉంటుంది, ఖర్చు కాదు. బీటాది ఖర్చయ్యేది. ఒక జంట గొట్టం చివర కూర్చుంటుంది, దాని మీద ఇంకో జంట వచ్చి కూర్చుంటుంది. ఆ పై జంటలోని ఆల్ఫా కింది బీటా దగ్గరున్న జీటీపీని తాకి, కాసేపట్లో దాన్ని విరగ్గొట్టిస్తుంది. జీటీపీ కాస్తా జీడీపీ అవుతుంది.

జీడీపీ ఉన్న జంట గొట్టంలో ఇమడలేదు. అది బయటికి వంగాలని చూస్తుంది. కానీ పక్కన పోగులు, పైన కొత్త జంటలు బిగించి పట్టుకోవడంతో నిటారుగా ఉండక తప్పదు. అంటే గొట్టం నడుము పొడుగునా వంగాలన్న ఒత్తిడి దాగి ఉంటుంది. దాన్ని ఆపి ఉంచేది చివరన ఇంకా జీటీపీ ఖర్చు కాని తాజా జంటల టోపీ. ఆ టోపీ పోయిందా, పోగులు పదమూడూ అరటిపండు తొక్క ఒలిచినట్టు బయటికి చుట్టుకుంటూ విచ్చుకుపోతాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఫొటోల్లో ఈ చుట్టలు పొట్టేలు కొమ్ముల్లా స్పష్టంగా కనిపిస్తాయి.

టోపీ ఎంత మందం ఉండాలి? మళ్లీ అనుకున్న అంకెలే. ఒక జీటీపీ సగటున ఒక సెకను నిలుస్తుందనుకుందాం. సెకనుకి 270 జంటలు వచ్చి చేరుతుంటే ఏ క్షణంలో చూసినా టోపీలో సుమారు 270 జంటలుంటాయి. ఒక వరసకి పదమూడు చొప్పున ఇరవై వరసలు, క్షేమం. రాక సెకనుకి 30కి పడిపోతే టోపీ రెండు వరసలకి మించదు. అప్పుడు యాదృచ్ఛికంగా ఒక క్షణం రాక తగ్గినా చాలు, టోపీ చెరిగిపోయి గొట్టం కూలుతుంది. పక్క గొట్టానికి ఆ క్షణంలో రాక బాగుంటే అది పెరుగుతూనే ఉంటుంది. ఒకే గిన్నెలో రెండు రకాలూ కనిపించడం ఇందువల్లే.

ఈ టోపీని బతికున్న కణంలోనూ చూడొచ్చు. ఈబీ1 అనే ప్రోటీన్ పెరుగుతున్న చివరల్నే వెతుక్కుని పట్టుకుంటుంది. దానికి మెరిసే రంగు తగిలించి మైక్రోస్కోపు కింద పెడితే దీపావళి రాత్రి తారాజువ్వల తోకల్లా వందల మెరుపులు కణం నడిమి నుంచి అంచుల వైపు పరుగులు తీస్తాయి. గొట్టం పెరగడం ఆగగానే ఆ మెరుపు ఆరిపోతుంది.

పెరిగే చివర నిజంగా ఎలా ఉంటుంది?

ఇంత తెలిసినా పెరిగే చివర ఆకారం మీద వాదన తెగలేదు. 1995లో క్రెతియాన్ బృందం పెరిగే చివరలు పల్చటి రేకులా సాగి, తర్వాత మడతపడి గొట్టంగా మూసుకుంటాయని చూపించింది. చాపని చుట్టడం లాంటిదన్నమాట. తాజా జంటలు నిటారుగా ఉంటాయి, పాతవే వంగుతాయన్న లెక్కకి అది బాగా సరిపోయింది. ఎన్నో పాఠ్యపుస్తకాల్లో ఉన్నది ఇదే.

2018లో మెకింటాష్ బృందం చివరల్ని మూడు కొలతల్లో చూసి వేరే మాట చెప్పింది. పెరుగుతున్నవైనా, కూలుతున్నవైనా చివరన పోగులు విడివిడిగా బయటికి వంగే ఉన్నాయట. వచ్చే జంటలు వంగిన పోగు మీదే చేరతాయి, తర్వాత ఒకదాన్నొకటి పట్టుకుని నిటారవుతాయి. అలా అయితే జీటీపీ పని జంటని నిటారు చేయడం కాదు, పక్కవాళ్లతో పట్టు కుదిర్చేలా చూడడం. ఈ రెండో చిత్రానికి బలమైన ఆధారాలు కనిపిస్తున్నా, రేకుల్ని చూసిన ఫొటోలు అబద్ధం కావు. ఏ పరిస్థితిలో ఏ ఆకారం వస్తుందన్నదే ఇప్పటి ప్రశ్న.

కూలడం ఎందుకు అవసరం

ఇక చిన్నమ్మ ప్రశ్నకి వస్తాను. కణం విభజనకి సిద్ధమయ్యేసరికి 46 క్రోమోజోములూ రెట్టించి జతలుగా ఉంటాయి. ప్రతి జతలో ఒకదాన్ని ఇటు నుంచి, ఇంకోదాన్ని అటు నుంచి గొట్టాలు పట్టుకోవాలి. ఏ క్రోమోజోము ఎక్కడుందో గొట్టానికి తెలియదు. ఒక దిక్కున పెరిగి చూస్తుంది, ఏమీ తగలకపోతే కూలిపోతుంది, ఇంకో దిక్కున మళ్లీ పెరుగుతుంది. చీకట్లో చేత్తో తడిమి స్విచ్ వెతికినట్టు. క్రోమోజోము తగిలితే ఆ గొట్టం నిలుస్తుంది. అందుకే విభజన సమయంలో గొట్టాల ఆయుష్షు బాగా తగ్గిపోతుంది, ఎన్నిసార్లు కూలితే అన్ని కొత్త దిక్కులు వెతకొచ్చు. పట్టుకున్నాక లాగేది కూడా కూలడమే. విచ్చుకుపోయే పోగుల బలంతో క్రోమోజోము వెనక్కి జరుగుతుంది.

విన్‌క్రిస్టిన్ జంటల్ని పట్టుకుని గొట్టం కట్టనివ్వదు, వెతకడానికి చెయ్యే ఉండదు. ప్యాక్లిటాక్సెల్ గొట్టం లోపలి గోడకి, బీటా మీద అతుక్కుని, జీడీపీ ఉన్న జంటల్ని కూడా విడిపోకుండా పట్టి ఉంచుతుంది. చెయ్యి ఉంటుంది కానీ వెనక్కి తీసుకోలేదు. దాన్ని 1979లో సూసన్ హార్విట్జ్ బృందం మొదట గుర్తించినప్పుడు ఇలాంటి మందు ఇంకోటి లేదు, అప్పటిదాకా తెలిసినవన్నీ పడగొట్టేవే. ఇంకో విషయం, మోతాదు బాగా తక్కువైనప్పుడు బిళ్ళగన్నేరు జాతి మందులూ గొట్టాల్ని కూల్చవు, పెరగడం తరగడం రెండింటినీ నెమ్మదింపజేస్తాయి. ప్యాక్లిటాక్సెల్ చేసేదీ అదే. పడగొట్టడం, నిలబెట్టడం అనేవి పైకి కనిపించే తేడాలు, దెబ్బ తగిలేది ఆ కదలికకి.

అయితే ప్యాక్లిటాక్సెల్ రోగి ఒంట్లో క్యాన్సర్ కణాన్ని ఎలా చంపుతుందన్నది ఇంకా చర్చలోనే ఉంది. విభజన మధ్యలో ఆగిపోయి కణం చనిపోతుందన్నది పాత మాట. 2014లో విస్కాన్సిన్ పరిశోధకులు రొమ్ము క్యాన్సర్ రోగుల కణితుల్ని పరీక్షిస్తే కణాలు ఆగిపోవడం లేదు. మూడు నాలుగు వైపులకి లాగుడుపడి, క్రోమోజోములు తప్పుగా పంచుకుని, ఆ తర్వాత చస్తున్నాయి. కణితుల్లో ఏ క్షణంలోనైనా విభజన జరిగే కణాలు కొద్దిశాతమే కాబట్టి, విభజన లేనప్పుడు రవాణా చెడటం వల్లే ఎక్కువ చస్తాయనేవాళ్లూ ఉన్నారు. రొమ్ము క్యాన్సర్ వరకు, క్రోమోజోములు తప్పుగా పంచుకోవడం వల్ల చస్తాయన్న మాటకి రోగుల నుంచే నేరుగా ఆధారం ఉంది కాబట్టి నాకు అది బరువుగా తోస్తుంది.

నరాల దగ్గర మాత్రం విభజన అన్న మాటే లేదు, అక్కడ గొట్టాలు పట్టాల్లాంటివి. నడుము దగ్గర ఉన్న నరకణం నుంచి కాలి బొటనవేలి దాకా సుమారు మీటరు దారి. వేగంగా వెళ్లే సరుకు రోజుకి 400 మిల్లీమీటర్ల దాకా వెళ్తుంది, అంటే చేరడానికి రెండున్నర రోజులు. గొట్టాల మీద పనిచేసే ఇలాంటి మందులు ఈ దారిని చెరపగలవు, దారి ఎంత పొడుగైతే అంత ముందు దెబ్బ తెలుస్తుంది. అందుకే ఈ మందులు ఎక్కించుకునేవాళ్లకి వచ్చే తిమ్మిర్లు ముందు కాలివేళ్లలో, తర్వాత చేతివేళ్ల కొసల్లో మొదలవుతాయి. మదనపల్లె పిల్లాడికీ ఇవే తిమ్మిర్లు ఉన్నాయని వాళ్లమ్మ చెప్పింది.

ఇదంతా వింటూనే చిన్నమ్మ మాల కడుతోంది. మునుపు టీవీ చూస్తూ, చేతుల వంక చూడకుండా గంటకి మూరలకు మూరలు కట్టేది. ఇప్పుడు దారం వేళ్ల మధ్య ఉందో జారిందో స్పర్శకి తెలియడం లేదట, ప్రతి ముడికీ చేతుల్లోకి వంగి చూస్తోంది. మల్లె, కనకాంబరం, మల్లె. ఇంతలో నర్సు పేరు పిలిచింది. సగం మాల నా చేతిలో పెట్టి, "దారం వదిలెయ్యాకు, ఊడిపోతుంది" అంటూ లోపలికి వెళ్లింది.